గ్రీకు, రోమన్ నాణేలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. డల్లాస్‌లో ఉంటున్నారు, నెలకు 100 నుంచి 150 డాలర్లు పెట్టగలరు, గ్రీకు, రోమన్ నాణేలు సేకరించాలని ఉంది, ముఖ్యంగా ఏథెన్స్ గుడ్లగూబ నాణెం మీద మనసుంది. నకిలీ అంటగడతారేమోనని టెన్షన్. ఆన్‌లైన్‌లో కొన్న, శుభ్రం చేయని రోమన్ రాగి నాణేల లాట్‌లో రెండు మూడింటి మీద ఆకుపచ్చ పొడి వస్తోంది. పల్నాడులో మీ మేనమామకు తెలిసిన ఒకాయన పొలంలో రోమన్ బంగారు నాణెం దొరికిందట, ఇస్తానంటున్నాడు, కొనొచ్చా అని అడిగారు.

చివరిదానికి ముందే చెప్తున్నాను: కొనొద్దు. కారణాలు కింద వివరంగా రాస్తాను. నేను చాలా ఏళ్లుగా ఈ నాణేలు సేకరిస్తున్నాను, అంతకంటే ఎక్కువగా వాటి గురించి చదువుతున్నాను. ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: నాణెం మీద ఉన్నది చదవడం వచ్చాకే కొనడం మొదలుపెట్టండి. చదవడం రాకుండా కొంటే అమ్మేవాడు రాసిన చీటీని కొన్నట్టే. ఆ చీటీ తప్పయితే మీకు తెలిసే దారి ఉండదు.

నేర్చుకోవడానికి రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాలపు చిన్న రాగి నాణేలను మించినవి లేవు. 4వ శతాబ్దపువి కోట్ల కొద్దీ ముద్రించారు, అందుకే ఇప్పటికీ 20, 30 డాలర్లకు అక్షరాలు చక్కగా కనిపించే నాణెం దొరుకుతుంది. మీ లాట్‌లో కూడా ఇవే ఎక్కువ ఉండి ఉంటాయి. బొరుసు వైపు ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారేమో చూడండి. వాళ్ల మధ్యన సైనిక ధ్వజాలు ఉంటాయి. చుట్టూ 'గ్లోరియా ఎక్సెర్కిటస్' అని ఉంటుంది, సైన్యపు కీర్తి అని అర్థం. ధ్వజాలు రెండుంటే ఆ నాణెం క్రీ.శ. 330 నుంచి 335 మధ్యది. ఒక్కటే ఉంటే 335 తర్వాతది. అప్పుడు నాణెం బరువు తగ్గించారు, సైజు చిన్నదయింది, బొమ్మలో ఒక ధ్వజం తీసేశారు. మీ అరచేతిలో ఉన్న చిన్న రాగి ముక్క, ఒక సామ్రాజ్యం తన డబ్బును పలచన చేసిన సంవత్సరాన్ని చూపిస్తోందన్నమాట.

ఇప్పుడు సైనికుల కాళ్ల కింద గీతకు దిగువన చూడండి. అక్కడ నాలుగైదు అక్షరాలుంటాయి. ఎస్, ఎం, ఏ, ఎన్ అని ఉంటే ఆంటియోక్ టంకశాల. టి, ఆర్ మొదట వస్తే ట్రియర్. ఎస్, ఐ, ఎస్ అంటే సిస్కియా, అంటే నేటి క్రొయేషియాలోని సిసాక్. ఎస్, ఎం, ఏ, ఎల్ కనిపిస్తే అలెగ్జాండ్రియా. తూర్పు టంకశాలల్లో ఊరి పేరు తర్వాత ఒక్క గ్రీకు అక్షరం ఉంటుంది, ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని. అది ఆ టంకశాలలో ఎన్నో విభాగం ముద్రించిందో చెప్పే అంకె. అంటే రాజు, సంవత్సరం, ఊరు, ఆ ఊళ్లో ఏ విభాగం అన్నీ తెలిసిపోతాయి. 20 డాలర్ల వస్తువు ఇంత చెప్పడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దీనికి పుస్తకాలు కొనక్కర్లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే 'ఓక్రే' అనే వెబ్‌సైట్‌లో అగస్టస్ నుంచి 5వ శతాబ్దం చివరి దాకా రోమన్ చక్రవర్తుల నాణేలన్నీ వరస నంబర్లతో ఉన్నాయి, ఉచితం. రిపబ్లిక్ కాలానికి 'క్రో', అలెగ్జాండర్ వంశానికి 'పెల్లా' అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. చాలా నంబర్ల కింద బ్రిటిష్ మ్యూజియం, బెర్లిన్, పారిస్ సంగ్రహాల్లోని అసలు నాణేల ఫొటోలు, బరువులు ఉంటాయి. నాణెం మీద మీకు కనబడిన అక్షరాల్లో నాలుగు టైప్ చేసి వెతికితే పది నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. మీ లాట్‌లో పోల్చగలిగిన ప్రతి నాణేనికీ ఆ నంబర్ కనిపెట్టి, బరువు తూచి, రాసిపెట్టుకోండి. 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా కొనండి. ఈ పని అయ్యేలోపు ఇంకేమీ కొనకండి.

తర్వాత వెండికి రండి. ట్రాజన్ చక్రవర్తి డెనారియస్ (రోమన్ల వెండి నాణెం) ఒకటి తీసుకుని చూద్దాం. బొమ్మ వైపు లారెల్ ఆకుల దండ పెట్టుకున్న తల, చుట్టూ 'ఇంప్ ట్రయానో ఔగ్ గెర్ డాక్', ఆ తర్వాత పి ఎం, టి ఆర్ పి. బొరుసు వైపు 'కోస్' పక్కన రోమన్ అంకె అయిదు, పి పి, తర్వాత ఎస్ పి క్యు ఆర్ 'ఆప్టిమో ప్రింక్'. మొదటిసారి చూస్తే అక్షరాల గుంపు. విడదీస్తే: చక్రవర్తి ట్రాజన్, అగస్టస్, జర్మనీ విజేత, డాసియా విజేత, ప్రధాన పూజారి, ట్రిబ్యూన్ (ప్రజల తరఫు అధికారి) అధికారం ఉన్నవాడు. అవతల అయిదోసారి కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత పదవి), దేశపిత, సెనేటు, రోమన్ ప్రజలు ఉత్తమ పాలకుడికి సమర్పించినది. డాసియా విజేత బిరుదు వచ్చింది 102 చివర్లో. అయిదో కాన్సుల్ పదవి 103లో, ఆరోది 112లో. కాబట్టి ఈ నాణెం 103కూ 111కూ మధ్యది, సందేహం లేదు. బొరుసు మీద విజయ చిహ్నం కింద కుమిలిపోతూ కూర్చున్న డాసియా బందీ ఉంటే ఆ యుద్ధమే కళ్లముందుంటుంది. ట్రిబ్యూన్ అధికారాన్ని ఏటేటా లెక్క వేసుకునేవారు, దాని పక్కన అంకె ఉంటే తేదీ ఇంకా కచ్చితంగా తేలుతుంది. సెవెరస్ అలెగ్జాండర్ చక్రవర్తి నాణెం మీద టి ఆర్ పి పక్కన రెండు అని ఉంటే అది 223.

మీ బడ్జెట్‌కు నా సలహా ఇది. సెప్టిమియస్ సెవెరస్ నుంచి సెవెరస్ అలెగ్జాండర్ దాకా ఉన్న కుటుంబం డెనారియస్‌లు మీ స్తోమతలో ఉంటాయి. అందులో రాణుల నాణేలూ చాలా ఉన్నాయి: జూలియా డోమ్నా, జూలియా మీసా, జూలియా మమియా. సెప్టిమియస్ వెండిని దాదాపు సగానికి దించాడు. ఆయన కొడుకు కారకల్లా 215లో కిరణాల కిరీటం పెట్టుకున్న కొత్త నాణెం తెచ్చాడు. దానికి రెండు డెనారియస్‌ల విలువ కట్టారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, కానీ అందులో వెండి మాత్రం ఒకటిన్నర డెనారియస్‌లదే. యాభై ఏళ్లు గడిచేసరికి రెండో క్లాడియస్ కాలంలో అదే నాణెం పైపైన వెండి పూత ఉన్న రాగి ముక్క. సెప్టిమియస్ కాలంది ఒకటి, కారకల్లా కిరణ కిరీటం ఒకటి, గోర్డియన్‌ది ఒకటి, గాలియెనస్‌ది ఒకటి, రెండో క్లాడియస్‌ది ఒకటి వరసగా పెట్టుకుంటే 3వ శతాబ్దపు రోమన్ ఆర్థిక పతనం మీ బల్ల మీద ఉంటుంది. పేరున్న చక్రవర్తులందరినీ ఒక్కొక్కటి చొప్పున పోగుచేయడం కంటే ఇలాంటి వరస నాకు ఎన్నో రెట్లు ఇష్టం. ఒక ప్రశ్న పెట్టుకుని కొనే సేకరణలో ప్రతి నాణెం పక్క నాణేన్ని ఇంకాస్త అర్థమయ్యేలా చేస్తుంది.

గ్రీకు నాణేలు వేరే ప్రపంచం. వాటి మీద చాలావరకు సంవత్సరం ఉండదు, చక్రవర్తి బిరుదుల వరస ఉండదు. ఊరి చిహ్నం, ఊరి పేరులో రెండు మూడు అక్షరాలు, అంతే. ఈజినా అంటే తాబేలు, కోరింథ్ అంటే రెక్కల గుర్రం, ఏథెన్స్ అంటే గుడ్లగూబ. తేదీ శైలిని బట్టి, బరువును బట్టి, ఏ నాణేలతో కలిసి దొరికిందన్నదాన్ని బట్టి తేల్చాలి. ఉదాహరణకు మీకు నచ్చిన ఏథెన్స్ గుడ్లగూబ, అంటే టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మ్‌ల వెండి నాణెం) బరువు సుమారు 17.2 గ్రాములు. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా, మరోవైపు గుడ్లగూబ, వెనక ఆలివ్ కొమ్మ, చిన్న నెలవంక, ముందు ఆల్ఫా, తీటా, ఎప్సిలాన్. ఎథీనా ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు చెక్కితే క్రీ.పూ. 5వ శతాబ్దపు పద్ధతి, కన్ను కూడా పక్క నుంచి చూసినట్టు ఉంటే క్రీ.పూ. 4వ శతాబ్దం. నిజానికి 5వ శతాబ్దంలోనే శిల్పులకు కన్ను సరిగ్గా చెక్కడం వచ్చు. అయినా ఏథెన్స్ 5వ శతాబ్దమంతా ఆ పాత ముఖాన్నే ఉంచింది. ఈజిప్టు దాకా వ్యాపారులు ఆ నాణేన్ని చూడగానే గుర్తుపట్టి తీసుకునేవారు, బొమ్మ మారిస్తే అనుమానపడతారు. దీని వెండి లారియన్ గనులది, అక్కడ తవ్వింది ఎక్కువగా బానిసలు. ఆ సంగతి కూడా ఈ నాణెం చరిత్రే.

బాగున్న గుడ్లగూబ మీ నెల బడ్జెట్‌లో రాదు. కొన్ని నెలలు దాచుకుంటే వస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఇవి మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చాయి. అంటే తొందరపడాల్సిన పనిలేదు. అదే సమయంలో, ఇంత హఠాత్తుగా ఎక్కడి నుంచి వస్తున్నాయి అని అడగాల్సిన నాణెం కూడా ఇదే. ఈలోపు అలెగ్జాండర్ డ్రాక్మ్ ఒకటి చూడండి, సుమారు 4.2 గ్రాములు, సింహం తోలు కప్పుకున్న హెరాక్లీస్, బొరుసు మీద డేగను పట్టుకుని కూర్చున్న జ్యూస్. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో చనిపోయాక కూడా ఆయన పేరుతోనే ఎన్నో నగరాలు ఈ బొమ్మను ముద్రించాయి, నల్లసముద్రం ఒడ్డున అయితే 200 ఏళ్లు దాటాక కూడా. జ్యూస్ ముందున్న చిన్న గుర్తులు ఏ టంకశాలదో చెప్తాయి. 'పెల్లా'లో వాటిని ఒక్కొక్కటిగా పోల్చుకోవచ్చు. ఒక రాత్రి కూర్చుంటే తెల్లారిపోతుంది, ముందే చెప్తున్నాను.

మీకు ఇంకో దారి కూడా ఉంది, తెలుగువాళ్లకు బాగా సరిపోయేది. వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజుల, అంటే ఇండో-గ్రీకు రాజుల వెండి నాణేలు. మినాండర్ డ్రాక్మ్ చిన్నది, రెండున్నర గ్రాముల లోపే. ఒకవైపు గ్రీకులో 'బసిలియోస్ సోటెరోస్ మెనాండ్రూ', మరోవైపు ఖరోష్ఠి లిపిలో 'మహారాజస త్రాతరస మెనంద్రస'. ఖరోష్ఠి అక్షరాలు ఓ పది నేర్చుకుంటే చాలు, కుడి నుంచి ఎడమకు చదువుకోవచ్చు. ఆ ప్రాకృతం మనకు పరాయి భాషలా అనిపించదు. ఖరోష్ఠిని 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ వంటి పండితులు చదవగలిగింది ఇలాంటి రెండు భాషల నాణేల సాయంతోనే. అయితే ఇవి దొరికే చోట్లు ఎక్కువగా అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్. అఫ్ఘానిస్తాన్‌లోని మీర్ జకాలో 1992లో బయటపడిన నిధి లక్షల కొద్దీ నాణేలు, ఎవరూ జాబితా రాయకుండానే ప్రపంచమంతా చెల్లాచెదురైంది. కాబట్టి పాత రసీదు ఉన్న నాణేన్నే కొనండి.

ఇక అధ్యయనం అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే మీరు 'సేకరించి, చదవాలి' అని రాశారు, ఆ రెండో మాట నాకు నచ్చింది.

ఈ నాణేలను చేత్తో కొట్టారు. కింద దిమ్మెలో బిగించిన ఒక అచ్చు, దాని మీద వేడి చేసిన వెండి బిళ్ల, పైన ఇంకో అచ్చు పట్టుకుని సమ్మెటతో దెబ్బ. కింది అచ్చు బొమ్మ వైపు, పై అచ్చు బొరుసు వైపు. దెబ్బ నేరుగా తినేది పై అచ్చు కాబట్టి అది తొందరగా పగులుతుంది. ఒక బొమ్మ అచ్చు బతికుండగా రెండు మూడు బొరుసు అచ్చులు మారిపోతాయి. ప్రతి అచ్చూ చేత్తో చెక్కిందే కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. జడలో ఒక పాయ, అక్షరం వంపు, గుడ్లగూబ కాలి గోరు, ఏదో ఒకటి తేడాగా ఉంటుంది. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలను గుర్తుపడితే అవి ఒకే టంకశాలలో, దగ్గరి కాలంలో పుట్టాయని తెలుస్తుంది. ఒకే బొమ్మ అచ్చుకు రెండు వేర్వేరు బొరుసులు కనిపిస్తే ఆ రెండు బొరుసులూ పక్కపక్కన పనిచేశాయి. అచ్చులో పగులు చిన్నగా ఉన్న నాణెం ముందుది, పగులు పెరిగినది తర్వాతది. ఇలా గొలుసు కట్టుకుంటూ పోతే రాతలో ఎక్కడా లేని వరస బయటపడుతుంది: ఏ బొమ్మ ముందు, ఏది వెనక, ఏ ఏడు ఎంత హడావుడిగా ముద్రించారు.

ఇది ప్రొఫెసర్లు మాత్రమే చేసే పని కాదు. ఒక చిన్న ఊరి నాణెం ఒకటి ఎంచుకోండి, ఎక్కువమంది పట్టించుకోనిది. వేలం సంస్థల పాత ఫొటోలు, మ్యూజియంల ఫొటోలు దింపుకుని, అచ్చు అచ్చుగా విడదీసి ఫోల్డర్లలో పెట్టండి. అలా వంద నాణేలు చూసేసరికి మీ కన్ను మారిపోతుంది. కొత్త అచ్చులు దొరకడం తగ్గి పాతవే మళ్లీ మళ్లీ కనబడుతుంటే ఉన్న అచ్చుల్లో ఎక్కువ భాగం మీకు చిక్కినట్టు లెక్క. గణాంకాలు తెలిసిన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ పని చేతికి వచ్చినట్టే. ఒక్క నాణెం కూడా కొనకుండా కొత్త విషయం కనిపెట్టొచ్చు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ప్రియమైన సంగతి ఇదే.

ఇప్పుడు పల్నాడు బంగారు నాణెం.

రోమన్ నాణేలు మన నేలలో దొరకడం నిజమే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన నిధిలో 1,531 వెండి డెనారియస్‌లు ఉన్నాయి, ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్‌లవి. 19వ శతాబ్దం చివర్లో వినుకొండలో దొరికిన బంగారు నాణేలు టైబీరియస్ నుంచి కారకల్లా దాకా ఉన్నాయి. మిరియాలకూ, ముత్యాలకూ, నూలు బట్టలకూ రోమ్ వ్యాపారులు నాణేలు తెచ్చారు. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ డబ్బు) ఇండియా లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ ఫిర్యాదు చేశాడు. నీరో 64లో డెనారియస్ బరువు, వెండి రెండూ తగ్గించాడు. దక్షిణ భారతంలోని వెండి నిధుల్లో అంతకు ముందరి బరువైన నాణేలే ఎక్కువగా కనిపిస్తాయి. మనవాళ్లు తూచి తీసుకున్నారు, పలచబడ్డ వెండిని ఒప్పుకోలేదని చాలామంది అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. కాకపోతే పాత నాణేలనే ఏరి తర్వాతి కాలంలో పంపి ఉండొచ్చు కూడా, కాబట్టి టైబీరియస్ నాణెం దొరికిందని టైబీరియస్ కాలంలోనే వచ్చిందని అనుకోకూడదు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు పెట్టారు. మళ్లీ డబ్బుగా చెలామణి కాకుండా చేశారని ఒక అభిప్రాయం. అలా గాటు పడిన నాణెం అందంగా ఉండదు. కానీ అది ఇక్కడి చేతుల్లోకి వచ్చిందని చెప్పే సాక్ష్యం ఆ గాటే.

ఇవన్నీ మనకు తెలిసింది ఆ నిధులు ముక్కలు కాకుండా అధికారుల దాకా వెళ్లాయి కాబట్టి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టర్‌కు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం, లైసెన్సు లేకుండా ఆ వ్యాపారం చేయడం కూడా నేరమే. మీరు డల్లాస్‌కు పట్టుకెళ్తే ఎయిర్‌పోర్టులో మీ పరిస్థితి ఏమిటో ఆలోచించండి. మీ మేనమామ పరిస్థితి కూడా.

పైగా అది అసలుదే అయ్యే అవకాశం తక్కువ. లంకెబిందె దొరికిందని చెప్పి, మొదట ఒక అసలు బంగారు నాణెం చేతిలో పెట్టి, కంసాలికి చూపించుకోమని నమ్మకం కలిగించి, తర్వాత మిగతా బిందె అంటూ ఇత్తడి నాణేలు అంటగట్టే మోసాలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. మీ మేనమామకు ఫోన్ చేసి గట్టిగా చెప్పండి. ఒకవేళ పొలంలో నిజంగానే దొరికి ఉంటే తహసీల్దార్ ద్వారా కలెక్టర్‌కు తెలియజేయమనండి.

దొరికిన నిధిని కదపకుండా ఉంచడం ఎందుకు ముఖ్యమో చూపడానికి ఒక ఉదాహరణ. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒక లోహ శోధకుడికి పొలంలో కుండ తగిలింది. ఆయన తవ్వడం ఆపేసి పురావస్తు శాస్త్రవేత్తలను పిలిచాడు. లోపల 52,503 రోమన్ నాణేలు. వాళ్లు కుండలోని నాణేలను పొరలు పొరలుగా, ఏ పొరలోవి ఆ సంచిలో వేసి తీశారు. అన్నిటికంటే కొత్తవైన, కరాసియస్ అనే పాలకుడి నాణేల్లో ఎక్కువ భాగం కుండ పైభాగంలో కాకుండా సగం లోతుకు దిగువన కనిపించాయి. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దాచుకుని ఉంటే కొత్తవి పైన ఉండాలి కదా. అంటే ఆ కుండను ఒకే విడతలో నింపారు. ఆయనే చేతులు పెట్టి గోతాల్లోకి ఎత్తి ఉంటే నాణేలన్నీ మిగిలేవి, ఈ సంగతి మాత్రం శాశ్వతంగా పోయేది.

గ్రీకుకూ మనకూ ఉన్న లంకె తెలుసుకోవాలంటే శాతవాహనుల వైపు చూడండి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి, అన్నీ క్షహరాత రాజు నహపాణుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు, ఒకవైపు చైత్యం లాంటి కొండ, మరోవైపు ఉజ్జయిని చిహ్నం. ఫొటోను పెద్దది చేసి చూస్తే శాతకర్ణి ముద్ర అంచున నహపాణుడి ముఖం, దాని చుట్టూ గ్రీకు అక్షరాలు మిగిలి కనిపిస్తాయి. లిపి గ్రీకు, భాష ప్రాకృతం, పైన బ్రాహ్మిలో శాతకర్ణి పేరు. ఓడినవాడి మీద గెలిచినవాడి పేరు ఎక్కడం ఇంత సూటిగా చూపే వస్తువు ఇంకోటి నాకు తెలియదు.

నకిలీల విషయం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటి ఏరే ఓపిక కావాలి, అడ్డదారి లేదు. పోత పోసిన నకిలీ అయితే భూతద్దంలో చిన్న చిన్న బుడగల గుంతలు, అంచు చుట్టూ అతుకు గీత, సబ్బు అరిగినట్టు మెత్తగా ఉండే అక్షరాలు కనిపిస్తాయి, బరువు తేడా వస్తుంది. అచ్చుతో కొట్టిన నకిలీలు కష్టం. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో బెకర్ అనేవాడు చేత్తో అచ్చులు చెక్కి చేసిన గ్రీకు, రోమన్ నాణేలు ఎంత బాగుండేవంటే ఇప్పుడు వాటినే సేకరించేవాళ్లున్నారు. ఇప్పటి నకిలీదారులు ఒకే అచ్చుతో బోలెడు కొడతారు కాబట్టి వాళ్లను పట్టించేది కూడా అచ్చే. మీరు కొనబోయే నాణెం మీద ఉన్న గాటు, అంచు దగ్గర విరుగు, మచ్చ, ఇవే సరిగ్గా అదే చోట ఇంకో నాణెం మీద కూడా కనిపిస్తే రెండిట్లో కనీసం ఒకటి నకిలీ. పాత కాలపు నకిలీ వేరే కథ. రాగి బిళ్లకు వెండి రేకు తొడిగి రోమన్ల కాలంలోనే చేసినవి ఉన్నాయి, వెండి ఊడిన చోట రాగి కనబడుతుంది. అవి చరిత్రలో భాగం, తెలిసి కొంటే తప్పులేదు. ఇక గుడ్లగూబ, అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మ్, సీజర్ బొమ్మ డెనారియస్, ఈ మూడూ నకిలీదారులకు మహా ఇష్టం. అసలుదని జీవితకాలం హామీ రాసిచ్చే, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే డీలర్ దగ్గరే కొనండి. 'మా తాతగారి పెట్టెలో దొరికింది' అని రాసే వేలం పేజీల జోలికి వెళ్లకండి.

ఆకుపచ్చ పొడి వస్తున్న నాణేలను ఈ రోజే మిగతావాటి నుంచి వేరు చేయండి. గట్టిగా, నున్నగా ఉన్న ఆకుపచ్చ పూత మంచిదే, వందల ఏళ్లలో ఏర్పడింది, దాన్ని తీయొద్దు. గోటితో గీకితే రాలే లేత ఆకుపచ్చ పొడి మాత్రం రోగం. రాగిలో చేరిన క్లోరైడు గాలిలోని తేమతో కలిసి లోహాన్ని తింటూ పోతుంది. పొడిని చెక్క పుల్లతో మెల్లగా గీకి, డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నాననివ్వండి. తర్వాత పూర్తిగా ఆరబెట్టి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. మళ్లీ వస్తుందేమో నెలల తరబడి గమనించండి. దయచేసి ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమకండి, పాత పూత, దానితో పాటు అక్షరాలు రెండూ పోతాయి. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా పెట్టొద్దు, అందులోంచి వచ్చే ఆమ్లం నాణేన్ని పాడుచేస్తుంది.

మీరు అడగనిది ఒకటి చెప్పి ఆపుతాను, అదే ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం. అమెరికాలో సైప్రస్ నాణేలపై 2007 నుంచి, గ్రీస్, ఇటలీల్లోని కొన్ని రకాలపై 2011 నుంచి దిగుమతి ఆంక్షలున్నాయి. విదేశీ వేలంలో కొంటే, ఆంక్షలు రాకముందే ఆ నాణెం ఆ దేశం బయట ఉందని చూపే కాగితం అడగండి. జూలియస్ సీజర్ హత్యను గుర్తుచేస్తూ బ్రూటస్ కొట్టించిన బంగారు నాణెం 2020లో లండన్‌లో 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది. దాని గత యజమానుల చరిత్ర కల్పితమని తర్వాత బయటపడింది. 2023లో న్యూయార్క్ అధికారులు దాన్ని గ్రీస్‌కు తిప్పి పంపారు. మీరు 20 డాలర్లకు కొన్నా సరే, ఎవరి దగ్గర, ఏ తేదీన, ఏ లాట్ నంబర్‌తో కొన్నారో రాసి, పాత చీటీలు పారేయకుండా నాణెంతోనే ఉంచండి. ఎప్పుడైనా సేకరణను ఇండియాకు తెచ్చుకోవాలనుకుంటే ముందుగా భారత పురావస్తు శాఖను లిఖితపూర్వకంగా అడగండి. 100 ఏళ్లు దాటిన నాణెం ఒకసారి లోపలికి వచ్చాక మళ్లీ బయటికి తీసుకెళ్లడం ఆ చట్టం కింద మీ చేతిలో ఉండదు.

మీ లాట్‌లో అక్షరాలు కనిపిస్తున్న నాణేల ఫొటోలు రెండు వైపులా తీసి, బరువు, అడ్డుకొలతతో ఇక్కడ పెట్టండి. ముందు మీరు చదవగలిగినంత చదివి రాయండి, మిగిలిన అక్షరాలు నేను పూరిస్తాను.